ఎర్రబిళ్ళ

నూట పదకొండో కాలరు అంచు తిప్పి దారం పంటితో కొరికేసరికి పెద్దక్కకు ఎడమ భుజం మళ్ళీ పీకింది. పక్కన కత్తెరున్నా పంటితో కొరకడమే ఆవిడ అలవాటు. ముందుపన్ను చివర దారం మందాన గాడి పడిపోయింది. ఇరవై ఆరేళ్ళుగా ఈ కార్ఖానాలో కాలర్లే కుడుతోంది. పూర్తి చొక్కా ఒక్కటంటే ఒక్కటి కుట్టి ఎరగదు.

ఆ వరుసలో నలభై మంది ఆడవాళ్ళు. గోడకో మేకు, మేకుకు ఎర్ర రంగు వేసిన చెక్కబిళ్ళ. బాత్రూముకు వెళ్ళాలంటే అది చేతిలో ఉండాలి. మేకు ఖాళీగా ఉంటే ఎవరూ స్టూలు మీంచి లేవకూడదు. ఈ ఘనకార్యం యజమానిదనుకుంటే పొరపాటే. పదిహేనేళ్ళ కిందట నేను ముందంటే నేను ముందని వీళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకుంటుంటే, పాత సొరుగు చెక్క విరిచి, కాల్చిన చువ్వతో బెజ్జం పెట్టి, పెద్దక్కే దాన్ని చేసి తగిలించింది. సూపర్‌వైజరు తెగ మెచ్చుకుని రూలు చేసేశాడు. ఆ తర్వాత సిగ్గేసి, తను మాత్రం సాయంత్రం దాకా మంచినీళ్ళు ముట్టడం మానేసింది. అదో గొప్పనుకుంది, పిచ్చిది.

ఇవాళ మాత్రం చూపు మాటిమాటికీ మేకు మీదికే పోతోంది. ఇంట్లో ఉన్నది ఒకటే గది, మనుషులు ఐదుగురు. గడియ పెట్టుకుని ఒంటరిగా కూర్చోగలిగిన చోటు ఆవిడ బతుకులో ఆ బాత్రూమొక్కటే.

పక్క మిషను మీద కోడలు జేబులు కుడుతోంది.

"ఏంటత్తయ్యా, అలా చెమటలు పోస్తున్నాయి?"

"ఏం లేదే. కాసేపు ఒక్కదాన్నే కూర్చోవాలనుంది."

"బాగుంది! మేమిక్కడ బిగబట్టుకుని చస్తుంటే, కూర్చోడానికా?"

పెద్దక్క నవ్వి బిళ్ళ తీసుకుని వెళ్ళింది. గడియ పెట్టి, బకెట్ బోర్లించి కూర్చుంది. పైన కిటికీలో కాలరంత ఆకాశం. ఎన్నేళ్ళకో హాయిగా అనిపించింది. ఆ హాయిలోనే నొప్పి భుజం నుంచి గుండెల్లోకి దిగింది. గడియ కోసం చెయ్యి చాచింది గానీ అందలేదు.

ఇవతల వరుసలో గొణుగుడు మొదలైంది.

"మహారాణి లోపల పవళించినట్టుంది," అంది కాజాలు కుట్టే ఆవిడ. అందరూ నవ్వారు.

పావుగంటైనా అత్త రాకపోయేసరికి కోడలు మిషను ఆపింది. సగం లేచి మేకు కేసి చూసింది.

"కూర్చో. బిళ్ళ రానీ," అన్నాడు సూపర్‌వైజరు.

కూర్చుని ఇంకో రెండు జేబులు కుట్టింది. రెండూ వంకరపోయాయి.

అరగంటకు అతనికే ఓపిక నశించింది. "వెళ్ళి చూడు, ఏం చేస్తోందో మీ అత్త!"

"బిళ్ళ లేదు కదా సార్," అంది కోడలు, అలవాటు కొద్దీ. తన మాట తన చెవిన పడేసరికి నోరు నొక్కుకుని పరుగెత్తింది.

తలుపు పగలగొట్టారు. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. పది నిమిషాల ముందు చూసుకోవలసింది, అన్నాడు వచ్చిన డాక్టరు. కోడలు ఆ గుమ్మంలోనే కూలబడి గుండెలు బాదుకుంది. సూపర్‌వైజరు మాత్రం వంగి, పెద్దక్క పిడికిలి విప్పి, బిళ్ళను కుళాయి కింద కడిగి తెచ్చాడు. వరుసలో ఆగలేక ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు మరి.

తడి బిళ్ళ మేకుకు ఊగుతోంది. దాని అంచున కొత్త పంటిగాట్లు. వాటిలో ఒకదాని నడుమ, దారం మందాన, ఎర్ర రంగు చెక్కుచెదరకుండా ఉంది.