పొడుగాయన మణికట్టు

శనివారం మధ్యాహ్నం వీరాంజనేయులు గారి హాల్లో ఎనిమిది మంది టీవీకి కళ్ళప్పగించి కూర్చున్నారు. దామోదర్ మాత్రం పక్క సోఫాలో ఉన్న లోకేష్ ఫోన్‌కి కళ్ళప్పగించాడు. మిరపకాయ బజ్జీ చేతిలో పట్టుకుని పావుగంటైంది, ఇంకా కొరకలేదు.

బేస్‌బాల్ సీజన్ మొదలై మూడు వారాలు నిండలేదు, వాళ్ళ టీమ్ అప్పుడే పదిహేను ఆటల్లో పదకొండు ఓడింది. నూట అరవై రెండు ఆటలు ఆడేవాళ్ళకి పదిహేను ఒక లెక్కా అని తెలిసినవాళ్ళు అంటారు. డాలస్ పక్కనున్న కాపెల్ ఊరి తెలుగువాళ్ళకి అంత ఓపికే ఉంటే ఇంకేం? క్రికెట్ చూసి పెరిగి, ఇక్కడికొచ్చాక ఈ ఆట నేర్చుకున్నవాళ్ళు. వీళ్ళకి ప్రతి ఆటా ఫైనలే. గెలిస్తే మనం గెలిచాం అంటారు, ఓడితే వీళ్ళకి ఆట రాదంటారు.

ఈ ఏడు ఆ కోపమంతా ఒక్కడి మీద పడింది. చలికాలంలో టీమ్ కొత్తగా తెచ్చుకున్న బ్యాటర్, ఆరున్నర అడుగుల మనిషి. అసలు పేరుకి నోరు తిరక్క ‘పొడుగాయన’ అని పెట్టుకున్నారు. ముప్పై ఎనిమిది సార్లు బ్యాట్ పట్టుకుని నాలుగంటే నాలుగు హిట్లు కొట్టాడు పొడుగాయన.

అతన్ని తీసుకోమని రిపోర్ట్ రాసింది దామోదర్ కూతురు అవని. టీమ్ ఆఫీసులో ఆటగాళ్ళ గణాంకాలు చూసే విభాగంలో రెండేళ్ళుగా పనిచేస్తోంది. ఆ ఉద్యోగం వచ్చిన వారం దామోదర్ స్వీట్లు పంచని తెలుగు ఇల్లు కాపెల్‌లో లేదు. పొడుగాయన్ని తెచ్చింది ఆమేనన్న సంగతి మాత్రం ఇంటి గడప దాటలేదు. తల్లి రేణుకి ఆటంటే పడదు. ఆమె భోజనం ముగించి లేచి వెళ్ళాక తండ్రీకూతుళ్ళు ఎంగిలి చేతులు ఎండిపోతున్నా గంటసేపు కూర్చుని ఆఫీసు కబుర్లు చెప్పుకునేవారు. రోజు మొత్తంలో దామోదర్ ఎదురుచూసేది ఆ గంట కోసమే. “నాన్నా, ఇది ఎవ్వరికీ చెప్పకూడదు” అని అవని ప్రతిసారీ అనేది, అతనూ ప్రతిసారీ సరేననేవాడు.

గురువారం ఆ సరే కాస్తా గాలికి పోయింది. ఆ రోజు అభిమానుల వాట్సాప్ గ్రూపులో వీరాంజనేయులు ఇలా పెట్టాడు: “పొడుగాయన్ని కాదండీ, ఆయన్ని తెచ్చిన తెలివితక్కువ దద్దమ్మ ఎవరో, ముందు వాణ్ణి పీకెయ్యాలి.” దాని కింద ఇరవై మంది చప్పట్లు. దామోదర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. కిరాణా కొట్టు పార్కింగ్‌లో కార్లోనే కూర్చుని టకటకా టైప్ చేశాడు. ‘అతని ఎడమ మణికట్టు వాచింది. టేప్ కట్టుకుని ఆడుతున్నాడు. టీమ్ బయటపెట్టలేదు. పది రోజులు ఆగి మాట్లాడండి. నాకు నమ్మకమైన చోటునుంచి తెలిసింది.’

నమ్మకమైన చోటట! దామోదర్‌కి టీమ్‌లో నమ్మకమైన చోటు ఏదో ఆ గ్రూపులో తెలియనిదెవరికి? ఇంటికొచ్చి పాల డబ్బా ఫ్రిజ్‌లో పెడుతుంటే గానీ ఈ ముక్క అతనికి వెలగలేదు. వెంటనే మెసేజ్ తీసేశాడు. అప్పటికే నలభై నిమిషాలు గడిచిపోయాయి. గ్రూపులో ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు. ఎత్తకపోవడమే అతనికి రెండు రోజులుగా కంటి మీద కునుకు లేకుండా చేసింది. ఆటగాళ్ళ గాయాల సంగతి పొక్కితే ఉద్యోగం ఊడుతుందనీ, మళ్ళీ ఏ టీమూ గుమ్మం తొక్కనివ్వదనీ అవని ఎన్నిసార్లు చెప్పిందో. కూతురికి చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ పప్పులో ఉప్పు గురించి మాట్లాడాడు.

టీవీలో పొడుగాయన మూడోసారీ బంతి తగలక గాల్లోకి బ్యాట్ ఊపి, ఔటై వెనక్కి తిరిగాడు. హాలంతా తల పట్టుకుంది.

“అయిపోయిందండీ, మళ్ళీ స్ట్రైకౌట్!” అన్నాడు వీరాంజనేయులు. “మా జయంతికి అప్పడాల కర్ర ఇచ్చి నిలబెట్టినా ఈపాటికి ఓ హిట్టు కొట్టును.”

“నన్ను లాగకండి మధ్యలో,” అంది వంటింట్లోంచి ఆయన భార్య జయంతి.

అందరూ నవ్వారు. అప్పుడు లోకేష్ గొంతు సవరించుకున్నాడు. అతను డాలస్‌లో ఎమ్మెస్ చదువుతూ, బేస్‌బాల్ మీద తెలుగులో యూట్యూబ్ ఛానెల్ నడుపుతున్నాడు. పన్నెండు వేల మంది చూస్తారు. దామోదర్ కళ్ళు ఆ ఫోన్ మీద ఉన్నది అందుకే. “అంకుల్స్, సాయంత్రం నా వీడియో మిస్ కాకండి. పొడుగాయన మీద బ్రేకింగ్ న్యూస్ ఉంది,” అని ప్రకటించి, దామోదర్ వైపు జరిగి ఫోన్ చూపించాడు.

గురువారం నాటి మెసేజే. అక్షరం పొల్లుపోకుండా, స్క్రీన్‌షాట్‌లో.

“టెన్షన్ పడకుండ్రి అంకుల్, మీ పేరు కట్ చేస్తా,” అన్నాడు లోకేష్ మెల్లగా. “సోర్స్ మాత్రం ‘టీమ్ ఆఫీసుల పనిచేసే మన తెలుగమ్మాయి’ అని పెడ్తా. మస్తు వ్యూస్ వస్తయ్.”

టీమ్ ఆఫీసులో తెలుగమ్మాయి ఎంతమందని? ఒక్కతే. పెట్టొద్దు బాబూ అని బతిమాలుదామని దామోదర్‌కి నాలుక చివరిదాకా వచ్చింది. బతిమాలితే నిజమేనని తేలిపోతుంది. ఒట్టు వేయించుకుంటే ఇంకా బలంగా తేలుతుంది. లోకేష్ చెడ్డవాడు కాదు గానీ, నిజమని తెలిశాక ఆ నిజాన్ని కడుపులో దాచుకునే వయసు అతనిది కాదు. దామోదర్ వయసుకే అది చేతకాలేదు మరి.

అతను ఒక్కసారి గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు అతనికే ఎబ్బెట్టుగా వినిపించింది.

“అది నిజమనుకున్నవా లోకేష్?” అన్నాడు హాలంతా వినేలా. “మణికట్టు లేదు, మన్ను లేదు. నేనే కల్పించిన.”

వీరాంజనేయులు టీవీ గొంతు తగ్గించాడు. “అదేంటండీ దామోదర్ గారూ? మీ అమ్మాయి చెప్పిందనుకున్నామే మేమంతా!”

“అవనికి ఏం తెలుస్తదన్నా?” దామోదర్ బజ్జీ వంక చూస్తూ అన్నాడు. “ఆమె చేసేది టికెట్ల పని. ఎవరికి ఏ సీటు ఇయ్యాలె, ఎవరు ఫోన్ చేసిన్రు, గంతే. ఆటగాళ్ళ దిక్కు రానియ్యరు కూడా. మీ అందరి ముందల గొప్పకి చెప్పుకున్న.”

“లింక్డిన్‌ల అనలిస్ట్ అని ఉన్నది కదా అంకుల్?” లోకేష్ వదల్లేదు.

“అనలిస్టే. టికెట్ల అనలిస్టు.”

వీరాంజనేయులు తొడ చరుచుకుని పగలబడి నవ్వాడు. “ఓరి మీ దుంప తెగ! రెండేళ్ళు మా చెవుల్లో పువ్వులు పెట్టారా? ఆ స్వీట్లు టికెట్ల కౌంటర్‌కా!” మిగతావాళ్ళూ అందుకున్నారు. ఇరవై ఏళ్ళుగా కూడబెట్టుకున్న పరువు అయిదు నిమిషాల్లో గంగలో కలవడం దామోదర్ కళ్ళారా చూశాడు. లోకేష్ మొహం చిన్నబోయింది. “థంబ్‌నెయిల్ కూడా చేసి పెట్టుకున్న కదా అంకుల్,” అని గొణుక్కుంటూ అతని ఎదుటే స్క్రీన్‌షాట్ తీసేశాడు. దామోదర్‌కి ప్రాణం లేచొచ్చింది. దాని వెనకే సిగ్గూ వచ్చింది. తనని చూసి నవ్వినందుకు కాదు. రాత్రింబవళ్ళు కష్టపడే పిల్లని తన నోటితోనే తక్కువ చేశాడు.

అయిదింటికి అవని తండ్రిని తీసుకెళ్ళడానికి వచ్చింది. అతని కారు సర్వీసింగ్‌లో ఉంది. గుమ్మంలోనే జయంతి ఆమె చెయ్యి పట్టుకుంది.

“పోన్లేమ్మా, టికెట్ల పనైతే మాత్రం పని కాదా? మీ నాన్న ఏదో ముచ్చటపడి చెప్పుకున్నారు. నువ్వేం ఫీల్ అవ్వకు.”

అవని తండ్రి వైపు చూసింది. అతను వంగి బూటు తాళ్ళు కట్టుకుంటున్నాడు, ఎంతకీ ముడి పడటం లేదు.

“ఇట్స్ ఓకే ఆంటీ,” అంది అవని. “మీకు టికెట్స్ కావాలంటే నాకు చెప్పండి.”

“ఓ నాలుగు చూడమ్మా, నీడ వైపు!” అని లోపల్నుంచి అరిచాడు వీరాంజనేయులు.

కారు వీధి మలుపు తిరిగాక ఆమె అడిగింది. “నాన్నా, ఏం చేశావు?”

అతను గురువారం నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు. అవని రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని వింది.

“ఆ స్క్రీన్‌షాట్ డిలీట్ చేశాడా?”

“నా ముందే చేసిండు.”

“ఇంకెవరన్నా నమ్ముతారా?”

“ఎవ్వరు నమ్మరు బిడ్డా. అందరు నన్ను చూసి నవ్విన్రు.” కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు, “తెచ్చినవాణ్ణి దద్దమ్మ అన్నడు వీరన్న. తట్టుకోలేకపోయిన.”

“అది నేను అని అంకుల్‌కి తెలీదు కదా. అది నాకు హర్ట్ అవ్వలేదు.” “ఇది హర్ట్ అయింది నాన్నా. నువ్వు చెప్తావని నేను ఎప్పుడూ అనుకోలేదు.”

తప్పయిందన్నాడు దామోదర్. సరేనంది అవని. ఉద్యోగానికి ఢోకా లేనట్టే. అతనికి రెండు రోజుల తర్వాత ఆకలేసింది.

ఆ సాయంత్రం రేణు తన కంచం తీసుకుని లేచి వెళ్ళింది. అవని పెరుగన్నం కలుపుకుంటోంది. ఆగలేక దామోదర్ అడిగేశాడు.

“రేపు ఆయనని ఆడిస్తరా బిడ్డా?”

అవని తలెత్తి చిన్నగా నవ్వింది. కోపం ఏమాత్రం లేదు, ఉన్నా బాగుండేది.

“రేపు ఆటకి ముందు లైనప్ అనౌన్స్ చేస్తారు నాన్నా. టీవీలో చెప్తారు.”

స్టేడియం గేటు దగ్గర ఆపి అడిగే అభిమానులకి ఆమె మర్యాదగా ఇచ్చే జవాబు అదే. దామోదర్ ఇంకేమైనా అంటుందేమోనని చూసి, కంచం తీసుకుని లేచాడు.