బావ తెచ్చిన పసుపు చేప

మా వియ్యంకుడు మద్దిలేటి బావ తెచ్చిన చేప చూడ్డానికి ఎంతో బాగుండేది. నిమ్మపండు రంగు ఒళ్లు, కంటి మీదుగా నల్ల చార. దాన్ని చూసినప్పుడల్లా నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది.

నేను నాగర్‌కర్నూల్ జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్‌ని. ఇరవై నాలుగేళ్లుగా పగడపు జీవిని బోర్డు మీద సుద్దముక్కతో గీసి చూపిస్తున్నాను. అది ప్రాణమున్న జీవి అని ఒక్క పిల్లవాడూ నమ్మినట్టు కనిపించలేదు. మా పిల్లల్లో సముద్రం చూసినవాళ్లే లేరు. అందుకే నిరుడు, అంటే 2006లో, మా ముందుగదిలో నాలుగడుగుల గాజు తొట్టి పెట్టాను. అందులో సముద్రపు నీళ్లు తయారుచేయడానికి హైదరాబాద్ నుంచి ప్రత్యేకమైన ఉప్పు తెచ్చాను. కరెంటు పోతే పంపు ఆగకుండా ఇన్వర్టర్ పెట్టించాను. ఎండాకాలం నీళ్లు వేడెక్కకుండా ఫ్రిజ్ నిండా గడ్డకట్టించిన నీళ్ల సీసాలు. ఆ వేసవిలో ఇంట్లో ఎవరికీ చల్లటి నీళ్లు లేవు. అన్నీ కుదిరాక ఒక రాయి వచ్చింది. దాని మీద చొక్కా గుండీలంత ముప్పై నాలుగు పగడపు జీవులు. లైటు వేస్తే ఆకుపచ్చగా విచ్చుకునేవి.

చేపల్ని ఎంచడానికి నేను పడ్డ తంటాలు నా కూతురి సంబంధానికి కూడా పడలేదు. పగడాన్ని కొరికేది వద్దు, దాని మీదికి ఇసుక ఎగదోసేది వద్దు, పక్క చేపను బతకనివ్వనిది వద్దు. పుస్తకాలన్నీ తిరగేసి చివరికి మూడింటిని తెచ్చాను. తెల్ల పట్టీల నారింజ చేపలు రెండు, ఇసుకలో మేసే చిన్నది ఒకటి. అవి పగడం జోలికి పోలేదు. జులైలో సెకండియర్ పిల్లల్ని ఇంటికి పిలిచి చూపిస్తానని క్లాసులో మాటిచ్చాను.

మద్దిలేటి బావకు గోపాల్‌పేటలో ఎరువుల దుకాణం. మా అమ్మాయి శ్రీవాణి పెళ్లయ్యాక మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు తొట్టి ముందు వంగి చాలాసేపు చూశాడు.

"రాయి మీద గదేంది బావా?"

యూరియా బస్తాలు అమ్మే మనిషికి ఎక్కడ మొదలుపెట్టి ఏం చెప్పను? "ఏం లేదు బావా, గట్ల అంటుకున్నది. రా, చాయ్ తాగుదాం" అన్నాను.

జూన్‌లో మళ్లీ వచ్చాడు. చేతిలో నీళ్ల కవరు, అందులో ఈ పసుపు చేప. "హైదరాబాద్ పోయినప్పుడు నీ తొట్టి కోసమే ఏరి తెచ్చిన" అన్నాడు. చూడగానే గుర్తుపట్టాను. పగడాలను పొడుచుకు తిని బతికే జాతి. పక్కనే నిలబడి మురిసిపోతున్నాడు, ఏం చేయను? వదిలాను. మర్నాటికి మూడు గుండీలు మాయం.

బకెట్లో ఉప్పునీళ్లు కలిపి దాన్ని అందులోకి మార్చాను. ఆదివారం బావ దిగాడు. దిగీ దిగగానే "నా చేపేది?" అన్నాడు. నీళ్లు మారుస్తున్నానని అబద్ధమాడి, నా చేతులతో నేనే దాన్ని మళ్లీ తొట్టిలో వేశాను.

ఇక మా ఆవిడ సుభద్ర తగులుకుంది. "దాన్ని ముట్టుకుంటే ఊరుకోను. పెండ్లిల భోజనాల బంతికి ముందుగాల పిలువలేదని మూడు నెలలు మాట్లాడలే వాళ్లు, యాదిలేదా? రేపు బిడ్డను దెప్పిపొడిస్తే నువ్వు పోయి అడుగుతవా?"

కడుపు నిండితే పగడం ముట్టదేమోనని రొయ్యలు కోసి వేశాను. రొయ్యలూ తింది, గుండీలూ తింది. రొయ్యలు తెచ్చిచ్చే సత్తెమ్మ, బజారులో చేపలమ్మే మనిషి, తట్ట దించి తొట్టిలోకి ఒక్క చూపు చూసింది.

"దాని మూతి జూడు సారూ, సూది లెక్కుంది. సందుల పొడుచుకొని తినేదాన్ని గీడెందుకు ఏసినవ్?"

నాకు తెలియక కాదు తల్లీ! ఒకాయన ప్రేమగా తెచ్చిచ్చాడని చెప్పాను.

"ఇచ్చినాయనకు చెప్పరాదు?" అంది.

"ఎట్ల చెప్త సత్తెమ్మా, వియ్యంకుడు."

"అయితే గట్లనే తిననియ్యి" అని తట్ట ఎత్తుకుంది.

బావ వారంవారం వచ్చి చూసిపోతున్నాడు. రాయి మీద గుండీలు పదకొండే మిగిలాయి. తర్వాత అయిదే. పిల్లలు సోమవారం వస్తారనగా, ఆదివారం పొద్దున రాయి వెనక సందులో ఒక్కటే మిగిలింది. అప్పుడే బావ వచ్చాడు. తొట్టి చూసి ముఖం వెలిగిపోయింది.

"సూస్తివా! రాయి ఎంత సాఫ్ అయింది!"

"ఏంది బావా?"

"ఆ పాచి. నువ్వు గట్ల అంటుకున్నది అన్నవ్ గద. పాపం సారు పరేషాన్ అయితుండని, రాయికి అంటుకున్నదాన్ని తినే చేప ఏదని దుకాణంల అడిగిన. నాలుగు దుకాణాలు తిరిగిన. వారంవారం వచ్చి చూసేది గందుకే, పని చేస్తుందో లేదో అని."

నాకు కోపం ఆగలేదు. అది పాచి కాదని, ప్రాణమున్న జీవులని, రేపు పిల్లలకు చూపించాల్సినవని, ముప్పై నాలుగింటిలో ఒక్కటి మిగిలిందని అంతా కక్కేశాను. సుభద్ర వంటింటి గుమ్మంలో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

బావ కోపం తెచ్చుకోలేదు. చొక్కా చేతులు పైకి మడిచి, "బకెట్ ఏడుంది?" అన్నాడు. వల పట్టుకుని చేప వెనక తిరుగుతూ, నా వైపు చూడకుండా మెల్లగా అన్నాడు:

"నేను అడిగితిని గద బావా."

సిగ్గుతో తల వాలిపోయింది. అడగని పిల్లలకు ఇరవై నాలుగేళ్లు చెప్పాను. వంగి చూసి అడిగిన మనిషికి చాయ్ పోశాను.

చేప బకెట్లో పడింది. బావ తడి చేతులు తుడుచుకోకుండానే తొట్టి పక్కకు వెళ్లి, సందులో ఆ ఒక్కదాన్ని వెతుకుతూ గాజుకు ముక్కు ఆనించాడు.

నేను కుర్చీ తెచ్చి అతని పక్కన వేశాను.