రాణిగారి రెండో గుడ్డు

ముందురోజు నేను కొట్లో అమ్మేసిన గుడ్డు మర్నాడు పొద్దున మళ్ళీ మా కోడి కిందే దొరికింది. వింటే నవ్వొస్తుంది కదా? నవ్వుకోండి. నేను మాత్రం ఆ గుడ్డు అరచేతిలో పెట్టుకుని, పెరట్లో చతికిలబడి, మతి పోయింది నాకా, లోకానికా అని తేల్చుకోలేక చాలాసేపు అలాగే ఉండిపోయాను.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా ఆయన లిఫ్టు మెకానిక్. నేను ఇంట్లోనే స్కూలు యూనిఫారాలు కుడతాను. మాకు ఒక్కతే కూతురు. చదివేది ఏడో తరగతి, నోరు మాత్రం వకీలుది. మా అత్త మాతోనే ఉంటుంది. పోయినేడు ఆవిడ బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ కోసం మా ఆయన తన యజమాని దగ్గర అప్పు చేశాడు. జీతంలో సగం నెలనెలా అక్కడే ఆగిపోతోంది. అప్పటినుంచీ సబ్బుబిళ్ళ చూసినా, అగ్గిపెట్టె చూసినా నాకు ముందు దాని ధరే కనిపిస్తోంది.

ఆదివారం పొద్దున అందరం వంటింట్లో కూర్చుంటాం. అటక మీద నుంచి మూడు డబ్బాలు దించుతాను. ఒకటి అప్పుది, ఒకటి ఇంటిది, ఒకటి కోళ్ళ మేతది. నెల మొదట్లో అత్త బీపీ మాత్రల డబ్బు ఇంటి డబ్బాలోంచి తీసి ఆవిడ చేతికే ఇస్తాను. మందుల షాపు దాకా నడిచి వెళ్ళి తెచ్చుకుంటే కాలికి మంచిదని డాక్టరమ్మ చెప్పింది. గుడ్లు అమ్మిన డబ్బంతా అప్పు డబ్బాలోకే. అందులో చెయ్యి పెట్టడానికి వీల్లేదు, పెడితే చెయ్యి విరుగుతుందని ఇంటిల్లిపాదికీ తెలుసు.

పెరట్లో ఏడు కోళ్ళున్నాయి. అన్నిటికన్నా పెద్దది రాణిగారు. పేరు మా అమ్మాయి పెట్టింది. గింజలు చల్లితే తక్కినవన్నీ పడుతూ లేస్తూ పరిగెత్తుకొస్తాయి. ఇది మాత్రం పిలుపు అందాక తీరిగ్గా బయలుదేరిన పెళ్ళిపెద్దలా వస్తుంది. మిగతావాటి గూట్లో గుడ్డు పెట్టడం కూడా దానికి నామోషీయే. లిఫ్టు మోటారు ప్యాకింగులో వచ్చిన చెక్కపెట్టె ఒకటి మా ఆయన తెచ్చి గోడవార వేస్తే, అది తన సొంతమని తేల్చేసుకుంది.

ఆపరేషన్ తరవాత అత్త మంచం దిగనని మొండికేసింది. నడిపించడానికి మనిషి వచ్చాడు, కొడుకు బతిమాలాడు, నేను చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒకరోజు రాణిగారు నేరుగా గదిలోకి నడిచొచ్చి ఆవిడ మంచం కింద రెట్ట వేసింది. దాన్ని తోలడానికి అత్త మొదటిసారి కాలు కింద పెట్టింది. మర్నాడు దాని వెనకాల గుమ్మం దాకా వెళ్ళింది. ఆ తరవాత పెరట్లోకి. ఆవిడ రెండోసారి నడక నేర్చుకున్నది ఆ కోడి వెనకే. ఇది నాకు తెలియని విషయమేమీ కాదు.

తెలిసినా అప్పు అప్పే కదా. రాణిగారు గుడ్లు మానేసింది. ఆ ఆదివారం మేత డబ్బా అడుగు కనిపిస్తుంటే నాకు ఒళ్ళు మండింది.

"పెట్టేవాటికే మేత. పది రోజులు చూస్తా. అప్పటికీ పెట్టకపోతే రాణీ లేదు, గీణీ లేదు, చికెన్ షాపుకే."

"ముసలిదైపోయిందే పాపం," అంది అత్త.

"ముసలిదైతే తినడం మానిందా అత్తయ్యా? తిని కూర్చునేవాళ్ళని మేపే స్తోమత ఇప్పుడు మనకుందా?"

అత్త కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నేను కోడి గురించే అన్నాను. ఒట్టు.

మర్నాడు పొద్దున చెక్కపెట్టెలో గుడ్డు! గోధుమరంగుది, నిగనిగలాడుతూ ఉంది. "భయం ఎంత పని చేస్తుందో చూశారా!" అని నేను మా ఆయన ముందు గొప్పలు పోయాను. ఆ మర్నాడు మరొకటి. నాలుగో రోజు తెల్ల గుడ్డు. మా కోళ్ళలో తెల్ల గుడ్డు పెట్టేది ఒక్కటీ లేదు.

"ఇదేంటత్తయ్యా, రంగు మారింది?"

"నీళ్ళ తేడా ఏమో," అంది అత్త, బియ్యంలో రాళ్ళేరుతూ.

నీళ్ళ తేడాకి మనిషికి జలుబు చేస్తుందని తెలుసు గానీ, కోడిగుడ్డుకి సున్నం వేసినట్టవుతుందని నేనెప్పుడూ వినలేదు. పైగా రాణిగారి ఈకలు రాలుతున్నాయి. ఈకలు మార్చుకునేటప్పుడు కోడి గుడ్లు మానేస్తుందని అందరూ అంటారు. ఇదేమో ఒకపక్క బోడిమెడ వేసుకుని తిరుగుతూ, ఇంకోపక్క రోజుకొకటి పెడుతోంది. మా ఆయన్ని అడిగితే, "పాత మోటారు ఆగిపోయే ముందు ఒక్కోసారి జోరుగా తిరుగుతుంది," అన్నాడు. ఆయనకు లోకమంతా లిఫ్టే.

"రోజుకొకటైతే దాని మేతకే సరి. మిగిలేదేముంది?" అని ఒకరోజు సణిగాను. మర్నాడు పెట్టెలో రెండు గుడ్లున్నాయి.

మా అమ్మాయి నోరు తెరిచి చూసింది. "అమ్మా, కోడి రోజుకి ఒకటే కదా పెట్టేది? మా టీచర్ చెప్పింది."

"మీ టీచర్ మన రాణిగారిని చూడలేదులే," అని దాని నోరు మూయించాను. నా నోరు మూయించేవాళ్ళు లేరు కాబట్టి రోజంతా నాలో నేనే గొణుక్కున్నాను. వేరే కోడి దూరిందేమోనని పెట్టెకి గుడ్డ అడ్డం కట్టాను. అయినా రెండే. అప్పు డబ్బా బరువెక్కుతోంది కదా, నీకెందుకే ఈ ఆరాలు అని మనసుకి సర్దిచెప్పుకుంటే, అది వింటేనా!

ఇలా రెండో నెల నడుస్తుండగా కొట్టు బాబాయ్ ఒకరోజు కుళ్ళిన గుడ్డు తెచ్చి చూపించాడు. పక్క సందులో కిరాణా కొట్టు ఆయనది. మా గుడ్లన్నీ ఆయనకే వేస్తాం. "ఇది మా ఇంటిది కాదు," అన్నాను. "నీదో కాదో గుడ్డు మీద రాసుందా అమ్మా?" అన్నాడు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. బట్ట మీద గుర్తులు పెట్టే ఎర్ర పెన్సిల్‌తో ఆ రోజునుంచీ అమ్మే ప్రతి గుడ్డు అడుగునా చిన్న ఇంటూ గుర్తు వేశాను.

అదిగో, ఆ గుర్తున్న గుడ్డే రాణిగారి కింద దొరికింది. ఒకటి కాదు, రెండింటికీ ఉంది. రెండూ నా చేతి గీతలే.

నిన్న అమ్మడం మర్చిపోయానా? లేదే, డబ్బు తెచ్చానే! పోనీ, నిద్రలో లేచి గుడ్లకి గుర్తులు పెడుతున్నానా? రాణిగారి వంక చూశాను. అది బోడిమెడ వంచి ఒంటికన్నుతో నా వంక చూసింది. నాకే ఏదో తప్పు చేసినట్టు అనిపించింది. అత్తని పిలుద్దామనుకున్నాను గానీ, ఆవిడ ఈమధ్య లేచేటప్పుడల్లా గోడ పట్టుకుంటోంది, పొద్దున్నే కదిలించడం ఎందుకని ఊరుకున్నాను. గుడ్లు గిన్నెలో వేసుకుని తిన్నగా కొట్టుకి వెళ్ళాను.

"బాబాయ్, ఇవి నిన్న నీకు ఇచ్చినవేనా?"

ఆయన తిప్పి చూశాడు. "నీ గుర్తే కదమ్మా."

"మరి మా కోడి కిందకి ఎలా వచ్చాయి?"

"ఆ మాట కోడినడగాలి. నన్నడిగితే?"

"బాబాయ్, నాకసలే బుర్ర గిర్రున తిరుగుతోంది. నిన్న నా గుడ్లు ఎవరికి అమ్మావు?"

"అదేంటమ్మా, తెలియనట్టు అడుగుతావు! మీ అత్తగారే కదా రోజూ సాయంత్రం వచ్చి రెండు పట్టుకెళ్తుంది. పొద్దున నువ్వు ఆరు రూపాయలకి అమ్ముతావు, సాయంత్రం ఆవిడ ఎనిమిది రూపాయలకి కొంటుంది. ఇదేం లెక్కో ఏమిటో, మీ ఇంటి గుట్టు నాకెందుకులే అని ఊరుకున్నా."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నిజమే, కానీ ఇదెక్కడి దొంగతనం? దొంగ సొమ్ము పట్టుకుపోతుంది గానీ, కొని తెచ్చి గూట్లో పెడుతుందా? సందులో నడుస్తున్నాను, కాళ్ళెటు పోతున్నాయో తెలియడం లేదు. ఇంతకీ గుడ్లు కొనడానికి ఆవిడకి డబ్బెక్కడిది? నేను ఆవిడ చేతికి ఇచ్చేది ఒక్క మాత్రల డబ్బే.

అక్కడే ఆగిపోయాను. వెనకాల సైకిలాయన గంట కొట్టి కొట్టి తిట్టుకుంటూ పక్కనుంచి వెళ్ళాడు.

అటునుంచటే మందుల షాపుకి వెళ్తే, అక్కడి అమ్మాయి చెప్పింది: "పెద్దావిడ రెండు నెలల నుంచీ రావడం లేదాంటీ. వేరే చోట కొంటున్నారేమో అనుకున్నా."

గోడ పట్టుకుని లేవడం వయసు వల్ల అనుకున్నాను. వంటింట్లో రెండుసార్లు గిన్నె జారవిడిచింది, చూపు ఆనక అనుకున్నాను. నా కళ్ళెదురుగా ఇంత జరుగుతుంటే, నేను గుడ్డు రంగు చూస్తూ కూర్చున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. దాని వెనకాలే కోపం వచ్చింది. నాకు భయం వేసినా కోపమే వస్తుంది, ఏం చెయ్యను!

ఇంటికి వచ్చి గుడ్ల గిన్నె ఆవిడ ముందు ఠప్పున పెట్టాను. అత్త పెరటి గడప మీద కూర్చుని ఉంది. గిన్నె వంకా, నా మొహం వంకా చూసింది.

"తెలిసిపోయిందా?" అంది.

"బుద్ధుందా అత్తయ్యా మీకు? మాత్రలు మానేసి కోడికి గుడ్లు కొంటారా ఎవరైనా? ఏమన్నా అయితే?"

"అయితే నీకు ఒక ఖర్చు తగ్గుతుంది."

నేను గిన్నెలో గుడ్లని అటూ ఇటూ సర్దాను.

"నేను అన్నది కోడిని," అన్నాను చివరికి.

"కోడినేలే. నాకు తెలీదా?" అత్త నెమ్మదిగా అంది. "ఆ మూడు డబ్బాలు దించినప్పుడల్లా నా తుంటి ఎముకే దించి లెక్కపెడుతున్నట్టు ఉంటుందమ్మాయ్. అది చెయ్యగలిగింది మానేసింది, నేనూ మానేశా. దాన్ని పంపిస్తే నాకు... ఎందుకో భయమేసింది. దాని తరఫున నేను పెడదామనుకున్నా. నీ గుర్తులు నా కళ్ళకి కనబడలేదు."

ఆవిడ పక్కనే గడప మీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసింది. ఓదార్చవలసింది ఎవరు, ఓదారుస్తున్నది ఎవరు, అదీ అర్థం కాలేదు నాకు.

ఆ సాయంత్రమే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. పట్టీ కట్టి బీపీ చూసి, "ఇంకో నెల ఇలాగే ఉంటే మంచాన పడేవారు. ఇంట్లో చూసుకునేవాళ్ళు లేరా?" అని నన్నే చీవాట్లు పెట్టింది. నేను తల వంచుకుని పడ్డాను. అత్త మాత్రం, "మా కోడల్ని ఏమీ అనకండమ్మా, దానికి నోరే పెద్దది," అని నన్ను వెనకేసుకొచ్చింది. పొగిడిందో తిట్టిందో!

ఆదివారం వచ్చింది. డబ్బాలు దించాను. పెరట్లోంచి అత్త రాణిగారిని చంకలో పెట్టుకుని వచ్చి నా ముందు దించింది.

"పది రోజులన్నావు. ఎప్పుడో దాటిపోయాయి. మాటంటే మాటే," అంది. గొంతు మామూలుగానే ఉంది గానీ, చెయ్యి మాత్రం కోడి వీపు మీంచి తియ్యలేదు.

మా ఆయన లిఫ్టు మధ్యలో ఇరుక్కున్నవాడిలా నా వంకా, వాళ్ళమ్మ వంకా చూశాడు. నేను మేత డబ్బా తెరిచాను. ఏడు కోళ్ళకి సరిపడా తీసి పక్కన పెట్టాను. అప్పు ఇంకో రెండు నెలలు సాగుతుంది, సాగనీ.

"ఈ ఇంట్లో అందరూ గుడ్డు పెట్టక్కర్లేదు అత్తయ్యా," అన్నాను.

అత్త కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తరవాత, "రోజూ రెండేసి పెట్టానే, ముందే చెప్పొచ్చుగా!" అంది. మా ఆయన పగలబడి నవ్వాడు. రాణిగారికి నచ్చలేదు, అప్పు డబ్బా మీద రెట్ట వేసి పోయింది.

మాత్రల డబ్బు ఇప్పటికీ ఆవిడ చేతికే ఇస్తున్నాను. నేనే కొనుక్కొచ్చి ఇవ్వొచ్చు. కానీ ఆవిడ నడక పోతుంది, ఇంకేదో కూడా పోతుంది. అందుకని రోజూ పొద్దున లేవగానే నేను చేసే మొదటి పని వేరే. పెరట్లోకి వెళ్ళి చెక్కపెట్టెలో చెయ్యి పెడతాను. అందులో పరిచిన గడ్డి అంతా తడుముతాను.

"పెట్టిందా?" అని వంటింట్లోంచి అడుగుతుంది అత్త.

"లేదత్తయ్యా! పెట్టలేదు!" అని అరుస్తాను.

నిన్న మా అమ్మాయి పళ్ళు తోముకుంటూ అడిగింది: "గుడ్డు పెట్టకపోతే నీకంత సంతోషమేంటమ్మా? అప్పు ఎలా తీరుతుంది?"

ఖాళీ చేతిని చీర చెంగుకి తుడుచుకుని, "వెళ్ళి నాన్నమ్మకి మాత్రా, నీళ్ళూ ఇవ్వు," అన్నాను.