కెప్టెనమ్మ గొంతు

తమిళనాడులోని ధర్మపురి బజారులో బాలమురుగన్‌కు ఎవర్‌సిల్వర్ స్టీలు పాత్రల అంగడి ఉంది. ఆదివారం మధ్యాహ్నం షట్టరు దించేసి, మేడ మీద అట్టపెట్టెలను ఒక పక్కకు నెట్టి, చాప పరిచి, అతను ఆట నడిపేవాడు. పావులూ గళ్లూ లేని ఆట. ఒకరు కథ చెబుతారు. తక్కినవాళ్లు ఆ కథలో మనుషులై, తామేం చేస్తామో చెబుతారు. అది కుదిరేదీ కుదరనిదీ పాచికలు తేలుస్తాయి.

కథ చెప్పేది ఎప్పుడూ బాలమురుగనే. ఆడేది ముగ్గురు: అతని భార్య హేమప్రియ, పక్కనున్న జిరాక్స్ అంగడి దినకరన్, కట్టడాల దగ్గర కూలీలను చూసుకునే సత్య. ఎ. పళ్లిపట్టి అనే ఊరి నుంచి సత్య బస్సెక్కి వచ్చేది. బాలమురుగన్ ఇంట్లో లాగే ఆమె ఇంట్లోనూ తెలుగే, కానీ దినకరన్‌కు తెలుగు రాదు కాబట్టి ఆటంతా తమిళంలో సాగేది. హేమప్రియ బాలమురుగన్‌కు సొంత అక్క కూతురు. పెళ్లికి ముందు మామా అని పిలిచేది, పెళ్లయ్యాకా ఆ పిలుపు మారలేదు.

ఆ ఏడు అతను ఒక పెద్ద కథ కట్టడం మొదలుపెట్టాడు. విక్టోరియా రాణి కాలం. బొగ్గుతో, ఆవిరితో నడిచే ఇత్తడి ఓడ మద్రాసు రేవులో లేచి ఆకాశంలోకి పోతుంది. చంద్రుడి మీద దొరల క్లబ్బు, అంగారకుడి మీద రాణిగారి సుంకం చావిడి, శుక్రుడి మీద ఎడతెగని వాన. ఓడలో అంతస్తులు ఎట్లా ఉండాలో హేమప్రియ గీసి ఇచ్చేది.

"మనవాళ్లు ఆ ఓడ ఎందుకు ఎక్కుతారు మామా?" అని ఆమె అడిగింది ఒకరోజు.

"ధాత కరువు, మద్రాసు సీమంతా పస్తులు. గంజికి లేనోళ్లు ఏ ఓడైనా ఎక్కుతారు. కొలిమిలో బొగ్గు వేసేదానికి దొరలకు మనుషులు కావాల గదా. కింద గదుల్లో మన ధాన్యమే మూటలు కట్టి పెట్టి ఉంటారు. అది వీళ్లకు తెలీదు."

ఆ ఓడకు కెప్టెన్ హారియట్ అనే దొరసాని. యాభై దాటిన విధవరాలు. అధికారులను కుక్కల్లా తరిమి, కొలిమి దగ్గరికి వచ్చి కూలీలతో పాటు కూర్చుని తినేది. ఆట ఇంకా రేవు దగ్గరే ఉండగా, బాలమురుగన్ ఆమెగా మాట్లాడితే అతని బండ గొంతు సన్నబడి, ముక్కులోకి పోయి, వంకర తమిళంతో ఇంగ్లీషు కలిపి దొర్లేది. దినకరన్ చాప మీద పడి నవ్వేవాడు.

దీపావళికి ముందే ఆ గొంతు బొంగురుపోయింది. గిడ్డంగి దుమ్మనుకున్నారు. బాలమురుగన్ తల్లి అలమేలు మిరియాల కషాయం పెట్టింది, కరుపట్టి బెల్లం నమలమంది. తగ్గలేదు. చివరికి సేలంలో పెద్ద డాక్టరుకు చూపించారు. పరీక్షలన్నీ అయ్యాక ఆయన మెల్లగానే చెప్పాడు: గొంతులో గడ్డ ముదిరింది, ప్రాణం నిలవాలంటే స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి.

తిరుగు బస్సులో తొప్పూరు కనుమ దాటేదాకా అతను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: "హేమా, చంద్రుణ్ణి తీసేద్దాము."

ఆమె చప్పున అతని వైపు తిరిగింది. మతి చలించిందనుకుంది.

"ఆటలో," అన్నాడు. "ఆపరేషన్‌కు ముందర ఒక్క ఆదివారమే ఉండాది. ఏడాది కథ ఒక్క పూటలో ముగించాల."

ఆ వారమంతా ఇద్దరూ కథను కోశారు. దొరల క్లబ్బులో నాట్యం పోయింది. అది అతనికి ఎంత ఇష్టమో ఆమెకు తెలుసు. దారిలో తోకచుక్క పోయింది. శుక్రుడు పోయాడు. "అంగారకుడు మాత్రం ఉండనీ," అన్నాడు, "మట్టి మన పెరియంపట్టి మాదిరి ఎర్రగా ఉంటుంది, చెప్పేదానికి నాకు కష్టం లేదు." ముగింపు ఏమిటని ఆమె అడిగితే తల అడ్డంగా ఊపాడు. "ముగింపు నేను కట్టను. వాళ్లు ఆడి తెలుసుకోవాల."

ఆ ఆదివారం ఓడ మద్రాసు రేవు వదిలేటప్పుడు అతని గొంతు కొంచెం పలికింది. అంగారకుడు చేరేసరికి పూర్తిగా పూడిపోయింది. హేమప్రియ చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా చెబితే ఆమె పైకి చెప్పసాగింది. కెప్టెన్ హారియట్‌ను మాత్రం అతను ఆమెకు ఇవ్వలేదు. ఆ మాటలు వచ్చినప్పుడల్లా తనే గొంతు గీరుకుని పలికేవాడు. దినకరన్ నవ్వేవాడు, కళ్లు తుడుచుకునేవాడు.

సత్య, దినకరన్ ఆడుతున్న కూలీలు ఆఖరికి కింద గదుల తాళాలు పగలగొట్టి ధాన్యం బయటికి తీశారు. అంగారకుడి మీద పస్తులున్న జనానికి పంచారు. కెప్టెన్ తుపాకీతో వచ్చింది. అందరూ బాలమురుగన్ వైపు చూశారు. అతను చాలాసేపు ఊపిరి కూడగట్టుకుని, ఆ సన్నటి గొంతులో అన్నాడు: "నాకేమీ కనిపించలేదు. కానివ్వండి."

బుధవారం ఆపరేషన్ అయింది. లోపలికి తీసుకుపోయే ముందు అతను తల్లితో "పోయి వస్తానమ్మా" అన్నాడు. అంతే.

మెడలో ఒక రంధ్రంతో, దాని మీద పలచటి గుడ్డతో ఇంటికి వచ్చాడు. మెడకు ఆనిస్తే మాట పలికించే యంత్రం ఒకటి ఇచ్చారు. ఒకసారి ఆనించి చూశాడు. తుమ్మెద రొద లాంటి ఆ చప్పుడు విని దాన్ని తిరిగి డబ్బాలో పెట్టేశాడు. ఇక పలకే గతి. ఆ ఇంట్లో తెలుగు రాయడం ఎవరికీ రాదు. నోటితో తప్ప తెలుగుకు వాళ్ల దగ్గర వేరే దారి లేదు. మొదట్లో అతను తెలుగు మాటలనే తమిళ అక్షరాల్లో రాసేవాడు, చదువు రాని అలమేలుకు హేమప్రియ చదివి వినిపించేది. కొన్నాళ్లకు విసిగి నేరుగా తమిళంలోనే రాయడం మొదలుపెట్టాడు. హేమప్రియ తెలుగులోకి తిప్పి చెప్పేది.

"వాడట్ల అన్నాడా? నువ్వు చెప్పేదా?" అని అలమేలు అనుమానంగా అడిగేది. "వాడు నన్ను 'ఏమ్మా' అని పిలిచి ఎంత కాలమాయె."

మామిడికాయలు దిగే రోజుల్లో హేమప్రియ ధైర్యం చేసి అడిగింది. "శుక్రుడి కథ కడదామా మామా? నువ్వు కట్టు. నేను చెబుతాను."

అతను పలక తీసుకున్నాడు. ఆ రోజు నుంచి అంగట్లో బేరాల నడుమ ఇద్దరూ వానల శుక్రుణ్ణి కట్టారు. అతని ముఖంలో కొంచెం కళ వచ్చింది. అంతలో ఒక సాయంకాలం పలక మీద రాసి చూపించాడు: హారియట్ చనిపోవాలి.

"ఎందుకు? నేను మాట్లాడతాను గదా. నేర్చుకుంటాను." ఆమె గొంతు సన్నం చేసి, వంకర తమిళంలో అధికారులను తిట్టి చూపించింది. పాత్రలు తుడుస్తున్న పనిమనిషి పక్కున నవ్వింది కూడా. బాలమురుగన్ కళ్లు మూసుకుని విన్నాడు. పలక తుడిచి రాశాడు: బాగుంది. ఆమె కాదు.



మళ్లీ చాప పరిచిన ఆదివారం కథ హేమప్రియే చెప్పింది. శుక్రుడి దారిలో ఓడలో జ్వరాలు వచ్చాయి. కెప్టెన్ కొలిమి కూలీలకు తన చేత్తో గంజి పోసింది, తనకు జ్వరమని ఎవరికీ చెప్పలేదు. తెల్లవారేసరికి కుర్చీలోనే పోయింది.

"పాచికలు వేస్తాము. కాపాడే దారి లేదా?" అన్నాడు దినకరన్. హేమప్రియను కాదు, గోడకు ఆనుకుని కూర్చున్న బాలమురుగన్‌ను అడిగాడు. అతను లేదని తల ఊపాడు.

కెప్టెన్‌ను తెరచాప గుడ్డలో చుట్టారు. నలుగురు కూలీలు మోశారు. సత్య లేచి నిలబడింది. ఆమె తమిళం మరిచిపోయి, ఇంటి తెలుగులోనే అంది: "అమ్మా, మాతో కూర్చోని తింటివి. మేము మరిచేది లేదు. పోయి రా." ఇత్తడి తలుపు తెరిచి చీకట్లోకి వదిలారు.

అప్పుడు హేమప్రియ భర్త వైపు చూసింది. అతని భుజాలు ఊగిపోతున్నాయి. నోరు తెరుచుకుంది. చప్పుడు లేదు. మెడ దగ్గర గుడ్డ మాత్రం ఊపిరికి ఎగిరెగిరి పడుతూ తడిసిపోతోంది. ఆపరేషన్ అయినప్పటి నుంచి అతను ఏడవగా ఆమె చూడలేదు. చూడలేదో, వినపడక తెలియలేదో.

కాఫీలు తెచ్చిన అలమేలు గుమ్మంలో ఆగిపోయింది. అందరి ముఖాలూ చూసింది. "ఎవరు పోయినారు?"

"మా ఓడ కెప్టెనమ్మ, అవ్వా," అంది సత్య.

అలమేలుకు ఓడ ఏమిటో తెలియదు. పళ్లెం కింద పెట్టింది. "పిల్లలుండారా ఆయమ్మకు?"

ఎవరికీ తెలియదు. బాలమురుగన్ లేరని చెయ్యి తిప్పాడు.

"అయ్యో," అంటూ అలమేలు వచ్చి కొడుకు పక్కన చాప మీద కూర్చుంది. కాఫీలు చల్లారిపోయాయి.