అరగంట పని

పాత పికప్ బండికి గేరు రాడ్డు మార్చడం మెకానిక్‌కి చేయి తిరిగిన పని. కాళ్ళ దగ్గర రబ్బరు తొడుగు ఎత్తి, కింద మూత విప్పి, పాతది పైకి లాగి, కొత్తది దింపి బిగించడమే. కళ్ళు మూసుకుని చేస్తానని గొప్పలు పోయేవాడు. ఆ రోజు చేసింది కూడా అలాగే, కళ్ళు మూసుకునే.

బండి బావది. ముప్పై ఏళ్ళు నడిపి, కిందటేడు గుండెపోటుతో పోయాడు. అక్క దాన్ని అమ్మలేదు. నర్సరీ వాళ్ళకి మట్టీ, కుండీలూ చేరవేసే పని కూతురు చేతిలో పెట్టాలనుకుంది. పిల్ల డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. తీరా బండి తీద్దామనేసరికి గేరు రాడ్డు మొదలంటా విరిగి చేతికొచ్చింది. అక్క తమ్ముడికి కబురు పెట్టింది.

పాత ఇనుము కొట్లో ఇంకో రకం బండి రాడ్డు దొరికింది. కొలత సరిపోయింది. బావ అరచేతిలో అరిగి అరిగి అంకెలన్నీ పోయిన పాత పిడి మాత్రం దాని మీద ఎక్కలేదు. మరలు వేరు. లేత్ దగ్గరికి పట్టుకెళ్ళి కొత్త మర తీయిస్తే ఎక్కుతుంది, అరగంట పని. కానీ రాడ్డుతో వచ్చిన పిడి నల్లగా నిగనిగలాడుతూ, తెల్లటి అంకెలతో చూడముచ్చటగా ఉంది. పిల్ల సంబరపడుతుందిలే అని దాన్నే బిగించేశాడు. తల్లీకూతుళ్ళు అప్పుడు ఇంట్లో లేరు.

ఆ అంకెలు ఈ బండివి కావు. పిడి మీద ఎడమవైపు పైన ఒకటి అని ఉంది. ఈ బండిలో అక్కడ పడేది రివర్సు. ఆ సంగతి అతనికి తెలియదా అంటే, తన పేరు తెలిసినంత బాగా తెలుసు. అదే కొంప ముంచింది. ఆ ఇంట్లో గేరు వెయ్యడానికి పిడి వంక చూసిన మనిషి లేడు. బావ చూడలేదు, తను చూడలేదు. చూసి వేసే మనిషి ఒకరు తయారయ్యారని అతనికి తట్టనే లేదు.

"రేపు పొద్దున వచ్చి పక్కన కూర్చుంటాలే అమ్మలూ, అప్పుడు తీద్దువుగాని" అని ఫోన్లో చెప్పాడు. పొద్దున షెడ్డుకి ఇంకో బండి వచ్చింది. అది చూసి వెళ్దామనుకున్నాడు.

నర్సరీ వాళ్ళు ఆగలేదు. కుండీలు ఎక్కించాక అక్క వెనక తలుపు గడియ పెడుతోంది. పిల్ల పిడి వంక చూసి ఒకటి వేసి, బరువు ఉంది కదా అని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కింది. బండి వెనక్కి పోయింది. వెనక గోడ ఉంది.

అక్క బతికింది. కుడికాలు మోకాలి పైదాకా తీసెయ్యాలన్నారు డాక్టర్లు.

ఆస్పత్రి వరండాలో ఎవరో ఎలా జరిగిందని అడిగారు. "పిల్ల కంగారులో గేరు తప్పు వేసింది" అన్నాడు మెకానిక్. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడగని మాట కూడా కలిపాడు. "బండిలో లోపమేమీ లేదు, నేనే చూశాగా."

బల్ల మీద కూర్చున్న పిల్ల తలెత్తింది. "ఒకటే వేశాను మావయ్యా. చూసి వేశాను."

"పోనీలే అమ్మలూ" అని ఆమె తల నిమిరాడు. అంతకన్నా పాపిష్టి మాట అతను తన జన్మలో అనలేదు.

అక్కను ఆపరేషన్‌కి తీసుకెళ్ళగానే మందులు తెస్తానని చెప్పి బయటపడ్డాడు. షెడ్డులో పడున్న బావ పిడి తీసుకుని లేత్ దగ్గరికి వెళ్ళి మర తీయించాడు. అక్క ఇంటికెళ్ళి కొత్తది విప్పి, పాతది బిగించాడు. విప్పింది జేబులో వేసుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు గాని, ఇతను పట్టుకున్న ఆకులు చేతులకి కాదు, మొహం దాచుకోవడానికి. లేత్ పని అరగంట కూడా పట్టలేదు.

మూడో రోజు అమ్మకి బట్టలు తేవాలంటే పిల్లను ఇంటికి తీసుకొచ్చాడు. ఆమె ఇంట్లోకి వెళ్ళలేదు. తిన్నగా బండి దగ్గరికి వెళ్ళి తలుపు తెరిచింది. పిడి చుట్టూ వేళ్ళతో తడిమింది. వంగి కిందా మీదా చూసింది. తర్వాత బండి మెట్టు మీద కూలబడింది.

"నాన్న పిడే ఉంది. మరి నేను ఒకటి ఎక్కడ చూశాను మావయ్యా?"

అతని చెయ్యి జేబు మీదికి పోయింది.

"నాకు మతి చెడిందేమో. అమ్మ అడిగితే నేనే తప్పు వేశానని చెప్పేస్తాను. ఇంక ఏ బండీ ముట్టుకోను."

నోరు మూసుకుంటే అంతటితో పోయేది. అడిగేవాళ్ళు లేరు. కానీ ఆ పిల్ల తన కళ్ళనే తను నమ్మడం మానేస్తుంటే చూడలేకపోయాడు. జేబులోంచి నల్ల పిడి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె ఒకటి మీద బొటనవేలు రాసి చూసింది. "ఎప్పుడు మార్చావు?"

"మొన్న."

"అమ్మ కాలు తీసేస్తున్నప్పుడా?"

తలూపాడు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండుననిపించింది.

"పద" అంటూ లేచి పిడి మళ్ళీ అతని చేతిలోనే పెట్టింది. "అమ్మకి నువ్వే చెప్పు. నేను చెబితే నమ్మదు. నేను గేరు తప్పు వేశానని చెప్పింది నువ్వేగా."