చీపురు మూల గది

పొద్దున లేవగానే టైలరమ్మ చేసే మొదటి పని మొహం కడుక్కోవడం కాదు, గోడ కొలవడం. మేకుకి వేలాడే టేపు తీసి మెడలో వేసుకుని, కళ్ళు నులుముకుంటూ వంటింటి వెనకున్న చీపురు మూలకి వెళ్ళి, ఈ గోడ నుంచి ఆ గోడకి టేపు పట్టేది. అంకె చూశాకే పంపు తిప్పేది.

"ఎంత?" అని పక్కమీంచే అడిగేవాడు మొగుడు.

"మూడడుగుల రెండంగుళాలు. నిన్నటికంటే ఒకటి పెరిగింది. ఇక లేవండి, దుప్పటి మడవాలి."

ఆయన గడియారాలు బాగుచేస్తాడు. వీధి చివర తలుపంత వెడల్పున్న కొట్టు ఆయనది. ఊరందరి గడియారాలకీ టైము సరిచేసే ఆ మనిషి, తను మాత్రం ఏనాడూ అనుకున్న టైముకి లేచిన పాపాన పోలేదు. ఇప్పుడు మాత్రం అంగుళం పెరిగిందనగానే చెంగున లేచి దుప్పటికి రెండో కొస పట్టుకునేవాడు.

ఆ వీధిలో ఇళ్ళన్నీ అంతే. శుభ్రంగా ఉంచుకుంటే పెరుగుతాయి, వదిలేస్తే ముడుచుకుపోతాయి. అద్దెకిచ్చేవాళ్ళు కూడా "ఇప్పటికైతే రెండు గదులు, ఆపైన మీ చెయ్యి" అని చెప్పే ఇస్తారు. ఎదురింటి పెద్దాయన ఇరవయ్యేళ్ళుగా ఒక్క పాత పేపరూ పారెయ్యనని మొండికేసి, చివరికి ఇల్లంతా తరిగిపోయి ఒక్క వాలుకుర్చీలో కాపురముంటున్నాడు. అయినా ఆయనకి చీమ కుట్టినట్టయినా లేదు. దారినపోయేవాళ్ళకి కిటికీలోంచే వార్తలు చదివి వినిపిస్తుంటాడు, కాకపోతే అవి ఏ ఏటి వార్తలో ఆయనకే తెలియదు.

టైలరమ్మ ఇల్లు కూడా ఒకప్పుడు ఏమంత గొప్పగా లేదు లెండి. ఆమె కత్తిరించిన పీలికలు కుర్చీల కింద, ఆయన విప్పిన స్క్రూలు టీ కప్పుల్లో. "ఎప్పుడైనా పనికొస్తుంది" అనే మాట ఆ ఇంట్లో ఇద్దరికీ ఊతపదం. పీలికకో మూట, స్క్రూకో డబ్బా. బీరువా తలుపు సగమే తెరుచుకునేది. ఆయన చొక్కా వేసుకోవాలంటే వీధిలోకి వెళ్ళి చేతులు చాపాల్సి వచ్చేది. వచ్చేపోయేవాళ్ళు పలకరిస్తున్నాడేమో అనుకుని తిరిగి చెయ్యూపేవాళ్ళు.

అలాంటి ఇంటికి పిల్లల ఆశ్రమం నుంచి ఉత్తరం వచ్చింది. పెళ్ళై పదకొండేళ్ళైనా పిల్లల్లేరు. పెంచుకుంటామని దరఖాస్తు పెట్టి రెండేళ్ళు ఎదురుచూశారు. ఇప్పుడు ఏడేళ్ళ పాప ఉందట, ఆశ్రమం చూడ్డానికి వెళ్ళినప్పుడు టైలరమ్మ చెయ్యి పట్టుకుని వదలని పాపే. కానీ పిల్లకి ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పున్న చోటు విడిగా ఉండాలని రూలు. మూడు నెలల తర్వాత ఆఫీసరమ్మ వచ్చి కొలుస్తుంది. లేకపోతే పాపని వేరే వాళ్ళకిస్తారు.

ఇంట్లో ఖాళీ అన్నది ఒక్క చీపురు మూలే. పొడవు ఆరడుగులుంది గానీ, వెడల్పు అడుగున్నర. చీపురు, బకెట్టు పెడితే మనిషి పట్టడు.

"ఎలా పిన్నీ?" అంటూ టైలరమ్మ పక్కింటికి పరిగెత్తింది. కళ్ళల్లో నీళ్ళు.

పక్కింటావిడ నర్సుగా చేసి రిటైరయింది. ఒంటిగది ఇంట్లో దిగిన మనిషి, ఇప్పుడు ఆవిడ హాల్లో యాభైమంది కూర్చోవచ్చు. వీధిలో ఏ మీటింగయినా అక్కడే. వరసకి ఏమీ కాకపోయినా అందరికీ పిన్నే.

"ఏడవకు. ఏడిస్తే నేల తడవడం తప్ప ఒరిగేదేం లేదు," అంది నర్సు పిన్ని. "ఒక్కరోజులో ఇల్లంతా కడిగి పారేద్దామనుకునేవు, అదే వద్దు. అలాంటి ఊపులు ఇళ్ళు నమ్మవు. రోజూ కొంచెం. లేవగానే పక్క సర్దు. పొయ్యి ఇంకా గోరువెచ్చగా ఉండగానే తుడిచెయ్. తిన్న కంచం తిన్నవాళ్ళే కడగాలి. అల్లుడుగారూ, వింటున్నారా?"

గుమ్మం దగ్గర నిలబడ్డ అల్లుడుగారు చేతిలోని స్క్రూ జేబులో దాచబోయి దొరికిపోయాడు.

"ఆ స్క్రూకి ఇల్లెక్కడ?" అంది పిన్ని.

"అంటే... జేబులో..."

"జేబు ఇల్లు కాదు, సత్రం. ఇంట్లో ప్రతి వస్తువుకీ ఒక చోటుండాలి. చీకట్లో చెయ్యి చాపినా దొరకాలి. చోటు లేనిదేదో చూసుకోండి, దానికి చోటివ్వండి, కాదంటే సాగనంపండి. ఇంతకంటే విద్య లేదు ఇందులో."

ఆ రోజు నుంచి మొదలైంది. మొదట్లో తల ప్రాణం తోకకొచ్చింది. గడియారాలాయన వారం రోజులు స్క్రూలు ఏరి, సైజువారీగా సీసాల్లో పోసి చీటీలు అంటించాడు. ఎవరూ తిరిగి తీసుకెళ్ళని నలభై గడియారాలకి ఏనాడో పోయిన ప్రాణం పోసి, అడిగినవాళ్ళకి పంచేశాడు. ఆమె గుమ్మం దగ్గర ఒక బుట్ట పెట్టింది. కత్తిరించిన పీలిక కత్తిరించినట్టే అందులోకి, బుట్ట నిండితే దిండ్లలోకి. రాత్రి భోజనాలయ్యాక పది నిమిషాలు అలారం పెట్టుకుని ఇద్దరూ చెరో గదీ సర్దేవాళ్ళు. ఎవరిది ముందయితే వాళ్ళు కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టాలి. పెళ్ళైన కొత్తలో కూడా వాళ్ళంత నవ్వుకోలేదు.

గోడ రోజుకి అంగుళం జరిగేది. తడి తువ్వాలు మంచం మీద పడేసిన రోజున రెండంగుళాలు లోపలికొచ్చేది. "చూశారా, మీ తువ్వాలు మన పిల్ల కాళ్ళు చాపుకునే చోటు తినేసింది!" అని ఆమె అరిచేది. ఆయన నాలిక్కరుచుకుని తువ్వాలు తీసుకెళ్ళి ఆరేసి, గోడకి సారీ చెప్పి వచ్చేవాడు.

మూడడుగులు, నాలుగు, అయిదు. అయిదడుగుల పదంగుళాల దగ్గర గోడ ఆగిపోయింది.

వారం గడిచింది. నేల అద్దంలా మెరుస్తోంది, సింకులో చెంచా లేదు. అయినా గోడ అంగుళం కూడా కదల్లేదు. ఇంకా రెండంగుళాలు కావాలి. నర్సు పిన్ని వచ్చి ఇల్లంతా కలయజూసి, "ఎక్కడో చోటులేని వస్తువొకటి ఉంది," అంది. "నువ్వు చూడకుండా దాటిపోతున్నావు దాన్ని."

టైలరమ్మ తుడిచిన పొయ్యినే మళ్ళీ తుడవసాగింది. గడియారాలాయన ఒక్కసారి అటకవైపు చూసి, చూపు తిప్పేసుకున్నాడు.

అంతలో బళ్ళు తెరిచే రోజులొచ్చాయి. నలభై జతల యూనిఫారాలు వారంలో కుట్టివ్వాలి. ఇల్లు మళ్ళీ బట్టలతో, దారాలతో, గుండీలతో నిండిపోయింది. సర్దే పది నిమిషాలు కూడా మిషనుకే పోయాయి. చివరి యూనిఫారం ఇచ్చేసరికి ఆఫీసరమ్మ రావడానికి మిగిలింది ఒక్క సాయంత్రం.

చెయ్యి తిరిగిన టైలరు కాబట్టి ఆమెకి తోచిన ఉపాయం కూడా బట్టే. చీపురు మూల చివర, గోడకి ఈ కొస నుంచి ఆ కొసకి అందమైన పూల తెర కుట్టి వేలాడదీసింది. మిగిలిన బట్టలు, రీళ్ళు, పీలికల మూటలు, డబ్బాలు అన్నీ దాని వెనక్కి తోసేసింది. తెర ముందు నిలబడి చూస్తే గది ముచ్చటగా ఉంది.

"ఎవరికీ కనపడదు," అంది.

"ఇంటికి కనపడదా?" అన్నాడు ఆయన నెమ్మదిగా.

"రేపొక్క పూటే కదండీ!"

తెల్లారి టేపు పట్టింది. నాలుగడుగులు.

మళ్ళీ కొలిచినా అంతే. తెర ఉబ్బి, గది మధ్యకి వచ్చి నిలబడింది. నేల మీద కూలబడి, "నా చేతులతో నేనే పిల్లని పోగొట్టుకున్నాను," అని ఏడ్చింది. గడియారాలాయన పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యేసి, టైము చూశాడు. ఏడుంపావు. ఆఫీసరమ్మ పదింటికి.

"లే," అన్నాడు. "తెర విప్పు. దాచినవన్నీ బయటికి తీద్దాం."

నర్సు పిన్ని కూడా చీర కుచ్చిళ్ళు దోపుకుని దిగింది. తెర వెనకవన్నీ బయటికొచ్చి ఇల్లంతా పరుచుకున్నాయి. అప్పుడు గడియారాలాయన స్టూలు తెచ్చి, ఎవర్నీ అడక్కుండా అటకెక్కి, అన్నిటికంటే వెనకున్న నీలం సంచీ దించి భార్య ముందు పెట్టాడు.

"ఇది కూడా," అన్నాడు.

ఆ సంచీలో ఏముందో ఇద్దరికీ తెలుసు. పెళ్ళైన ఏడాదికి ఆమె అరచెయ్యంత గౌను ఒకటి కుట్టింది. పాప పుట్టలేదు. మరుసటేడు, పుట్టి ఉంటే ఎంతుండేదో లెక్కేసుకుని, కాస్త పెద్దది కుట్టింది. అలా ఏడు గౌన్లు. ఏడోది అంచు కుట్టకుండానే సంచీలో పెట్టి మూతి బిగించేసింది. ఆ తర్వాత ఆ సంచీ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆమె మూతి విప్పి ఒక్కో గౌనూ తీసి నేలమీద పరిచింది. సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడైంది. పది ఇంకా కాలేదు. గడియారాలాయన జీవితంలో మొదటిసారి టైముకంటే ముందొచ్చిన మనిషిని చూశాడు.

గుమ్మంలో చేతిలో ఫైలుతో ఆఫీసరమ్మ. పక్కన రెండు జడల పాప.

ఆఫీసరమ్మ ఇల్లు చూసి ముక్కున వేలేసుకుంది. అడుగు పెట్టడానికి చోటు లేదు. మూటలు దాటుకుంటూ చీపురు మూలకి వెళ్ళి, తన సంచీలోంచి ఇనప టేపు తీసి కొలిచింది.

"నాలుగడుగుల రెండు. పెరిగే ఇల్లేనా ఇది?"

"అవునండీ," అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

"మా చెల్లెలిదీ అదే రకం. కానీ నేను వచ్చిన పూట ఎంతుంటే అంతే రాయాలమ్మా. మధ్యాహ్నం పన్నెండు దాకా ఉంటాను. ఆ తర్వాత నేనేం చెయ్యలేను." మంచిగానే అంది. అందుకే ఇంకా బాధేసింది.

పాప ఇవేమీ పట్టించుకోలేదు. బూట్లు విప్పింది, రెండూ జతగా గోడవారన పెట్టింది. ఆశ్రమంలో ముప్ఫైమంది పిల్లల బూట్ల మధ్య తనవి తను వెతుక్కునే అలవాటు. తర్వాత నేలమీది గౌన్ల దగ్గర గొంతుక్కూర్చుంది.

"ఇవి ఎవరివి?"

టైలరమ్మ ఒక గౌను మడత సరిచేసింది. "నీ కోసమే కుట్టానమ్మా. నువ్వెవరో తెలియకముందే కుట్టేశాను."

పాప అన్నీ ఒకసారి చూసి, చిన్న గౌను పట్టుకుని పకపకా నవ్వింది. "ఇది నాకు చెయ్యి కూడా పట్టదు! మా దగ్గర బుజ్జిది ఉంది, ఇంకా బోర్లా పడడం కూడా రాదు. దానికి సరిపోతుంది. ఇవ్వనా?"

టైలరమ్మ ఆ గౌనుని చెంపకి ఆనించుకుని, "ఇవ్వు తల్లీ," అంది. కళ్ళు తుడుచుకుంది, నవ్వింది కూడా.

పాప వేళ్ళమీద లెక్కపెట్టింది. ఇది తొస్సి పళ్ళ పిల్లకి, ఇది ఎప్పుడూ చీమిడి కారే దానికి, ఇది చెట్టెక్కి గౌను చింపుకున్న దానికి. ఆరు గౌన్లకీ ఆరుగురు దొరికారు. ఆఫీసరమ్మ వాటిని మడిచి తన సంచీలో పెట్టుకుంది. ఆరోది సంచీలోకి వెళ్ళగానే వెనక గోడ కిర్రుమంటూ కదిలింది. "ఆ, ఇన్నాళ్ళూ దీనికోసమే ఆగింది!" అని నర్సు పిన్ని తొడ చరిచింది.

ఇక పాపని పట్టేవాళ్ళు లేరు. "ఇది ఎక్కడ పెట్టాలి?" అని రీళ్ళు పట్టుకొచ్చేది. "అరలో, రంగు పక్కన రంగు." "ఇదో?" "గుండీల సీసాలో." "మరి ఈ ముసలి గడియారం?" "ముసలిది కాదే, అది నాకంటే చిన్నది!" అన్నాడు గడియారాలాయన. ఆఫీసరమ్మ కాసేపు కుర్చీలో బిగుసుకు కూర్చుంది, చివరికి ఉండబట్టలేక కొంగు దోపుకుని పీలికలు ఏరడం మొదలుపెట్టింది. "రూల్లో లేదు, రూల్లో లేదు" అని గొణుక్కుంటూనే మూడు దిండ్లు నింపేసింది. గోడ ఒక్కో అంగుళమే వెనక్కి నడిచింది. విప్పిన పూల తెరని ఎక్కడ కట్టాలా అనుకుంటుండగానే గోడలో చిన్న కిటికీ ఒకటి తెరుచుకుంది. ఎండ లోపలికొచ్చి నేలమీద పడింది.

పన్నెండుకి అయిదు నిమిషాలుండగా ఇనప టేపు పట్టారు.

"ఆరడుగుల రెండు," అంది ఆఫీసరమ్మ. ఫైలు తెరిచి, అక్కడే, కుట్టుమిషను మీద పెట్టి సంతకం చేసింది. గడియారాలాయన కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టాడు.

వెళ్ళేలోపు టైలరమ్మ ఏడో గౌను పాపకి తొడిగి చూసింది. నాలుగు వేళ్ళు పొడుగయింది. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, అంచు లోపలికి మడిచింది.

"కత్తిరించెయ్యొచ్చుగా?" అంది పాప.

"ఉండనీ. నువ్వు పెరిగినప్పుడల్లా కొంచెం విప్పుతా."

సోమవారం పాప చిన్న పెట్టెతో వచ్చేసింది. మంగళవారం పొద్దున టైలరమ్మ లేచి, కళ్ళు నులుముకుంటూ, అలవాటుగా మేకు దగ్గరికి చెయ్యి చాపింది. టేపు లేదు. మూడు నెలల్లో దాని చోట అది లేకపోవడం అదే మొదలు. "ఏమండీ, టేపెక్కడ పడేశారు?" అని అరవబోయింది. అంతలో చీపురు మూల గదిలోంచి గొంతు వినిపించింది.

"ఆరడుగుల మూడు!"

ఆమె వెళ్ళి చూసింది. దుప్పటి, కొసలు కలవకపోయినా, మడిచి ఉంది. పాప గోడకి టేపు పట్టుకుని మోకాళ్ళమీద నిలబడింది.

"నిన్న రెండేగా?" అంది టైలరమ్మ.

"నా పక్క నేనే సర్దుకున్నా," అంది పాప. "టేపు మళ్ళీ మేకుకే పెట్టేస్తాలే, అమ్మా."