మిగిలిన చీటీ

ఈ ఒక్క చీటీ మిగిలింది, ఈ ఒక్క కుర్చీ మిగిలింది, కట్టేసి లేస్తే పనైపోతుంది, కాసేపు నడుము వాల్చొచ్చు, అయినా చెయ్యి ముందుకు పోదు, చీటీ మీద అమ్మ అని అమ్మాయి ఎర్రసిరాతో రాసింది, మిగతావన్నీ నల్లసిరా, ఇదొక్కటే ఎరుపు, దానికి చిన్నప్పటి నుంచీ పని కంటే సింగారం మీద ధ్యాస ఎక్కువ, పదమూడు కుర్చీలకు పదమూడు చీటీలు పురికొసతో కట్టాను, పాతకాలంలో అంటించే టేపు లేదట, ఉండేది తల్లీ, నా వడ్రంగి కొట్టులోనే ఉండేది అన్నాను, నాన్నా నువ్వు పాడుచెయ్యకు అంది, సరే, నేను పాతకాలంలో బతికానంతే, దాని సంగతి నాకేం తెలుసు.

రేపు సాయంత్రం పార్టీ, వాళ్లమ్మకు అరవై నిండుతాయి, అందుకని నలభై ఏళ్ల కిందటి సాయంత్రాన్ని ఇంట్లోకి దించుతుందట, అచ్చాఫీసులో రోజంతా అక్షరాలు సరిచూసి కళ్లు మండిపోయే పిల్ల, సెలవు దొరికితే పడుకోవచ్చు కదా, పడుకోదు, వచ్చేవాళ్లంతా తాతల నాటి చొక్కాలు వేసుకు రావాలి, ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో వెయ్యాలి, ఆరు లాంతర్లు, చేత్తో తిప్పే పాటలపెట్టె, అది మన తంతిగాడు తెచ్చాడు, వాడు ముప్ఫై ఏళ్లు తపాలా మోసినవాడు, వాడిని తంతి అని పిలవడం మొదలుపెట్టింది నేనే, ఎందుకంటే వాడు తెచ్చే కబురు ఎప్పుడూ రెండు ముక్కల్లో ఉంటుంది, పెట్టె తెచ్చి దించి, సూది లేదు, అన్నాడు, సూది లేకుండా ఎలా పాడుతుందిరా అంటే, నువ్వు నోరు లేకుండా ఇన్నేళ్లు కాపురం చెయ్యలేదూ, అన్నాడు, అమ్మాయి పగలబడి నవ్వింది, వాళ్లమ్మ మాత్రం నవ్వలేదు, పొయ్యి దగ్గర నుంచి ఒకసారి ఇటు చూసి మళ్లీ గిన్నెలో చూసుకుంది, నాకప్పుడే అనిపించింది ఇది ఎక్కడో బెసికిందని, కుర్చీ కాలు వదులైతే ముందు శబ్దమే వస్తుంది, ఊగడం తర్వాత.

ఇవాళ పొద్దున ఊగింది, సంచీలో రెండు జతల బట్టలు పెట్టుకుంది, నాలుగు గంటల బస్సుకు చెల్లెలింటికి వెళ్తున్నాను, ఎల్లుండి వస్తాను అంది, ఎల్లుండి అంటే పార్టీ అయిపోయాక, అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ, అదేమిటమ్మా, పార్టీ నీకోసమే కదా, నీ కాలం నీకు తిరిగి ఇద్దామనే కదా, అంది, ఆమె సంచీ మూతి ముడివేస్తూ, ఆ కాలంలోంచి బయటపడటానికి నాకు నలభై ఏళ్లు పట్టిందే తల్లీ, మళ్లీ రేపు సాయంత్రానికి వెళ్లి రమ్మంటావా, అంది, కోపంగా కాదు, ఉప్పు అయిపోయింది అన్నట్టు అంది, అమ్మాయి నావైపు తిరిగి, నాన్నా నువ్వొక్క మాట చెప్పు, నువ్వు చెప్తే ఆగుతుంది, సాయంత్రంలోగా చెప్పు, లేకపోతే అందరికీ రావొద్దని కబురు పెట్టేస్తాను, అని ఆఫీసుకు వెళ్లిపోయింది, ఒక్క మాటట, నా దగ్గర ఉంటే ఇవ్వనా, నాకు చెక్కతో తప్ప మాట్లాడటం రాదని ఈ వీధిలో అందరికీ తెలుసు, దానికి మాత్రం ఇంకా ఆశ.

మూడు దాటింది, ఎండ కొట్టు గుమ్మం దాటి రంపం దాకా వచ్చింది, ఎండ రంపం పళ్ల మీదికి వస్తే మూడున్నర, నాకు గడియారం అక్కర్లేదు, మోకాళ్లు నొస్తున్నాయి, రెండు రోజులుగా ఈ కుర్చీలకు గరుకు కాగితం పట్టి, నూనె రాసి, ఊగే కాళ్లకు చీలలు దిగ్గొట్టి, ఎందుకొచ్చిన పార్టీలు, కానీ చీటీలు కట్టడం మాత్రం నాకు కష్టం కాలేదు, అమ్మాయి అందుకే ఆ పని నాకిచ్చింది, ఎవరికి ఏ కుర్చీయో నువ్వే కట్టు నాన్నా, నీకే తెలుస్తుంది అంది, నిజమే, మనిషి నిలబడితే నాకు గుర్తుండడు, కూర్చుంటే మర్చిపోను, తంతిగాడు ఒక పక్క పిర్ర మీదే కూర్చుంటాడు, ఇప్పటికీ భుజానికి సంచీ ఉన్నట్టు, వాడికి ముందువైపు అంచు గుండ్రంగా ఉన్నది కట్టాను, అక్కకు మోకాళ్లు వంగవు, ఎత్తుది, అల్లుడు వెనక్కి వాలి ముందుకాళ్లు గాల్లోకి లేపుతాడు, ఎన్నిసార్లు చెప్పినా, వాడికి బరువు వెనక ఉన్నది, అమ్మాయి ఒక కాలు మడిచి కిందేసుకుంటుంది, దానికి వెడల్పుది, దర్జీ, అద్దాల కొట్టాయన, అద్దెకున్న టీచరు, కళ్లు మూసుకుంటే ఒక్కొక్కరూ వచ్చి కూర్చుంటారు, మోకాలి గుంట నుంచి నేల దాకా ఎంతో నాకు కనపడుతుంది, టేపు పట్టక్కర్లేదు.

అమ్మ అన్న చీటీ పట్టుకొని కళ్లు మూసుకుంటే ఎవరూ వచ్చి కూర్చోవడం లేదు, వస్తుంది, నిలబడుతుంది, గుమ్మానికి ఆనుకొని, చేతిలో గరిటె, మళ్లీ మూసుకున్నాను, మళ్లీ అదే, ఏం కావాలి అన్నట్టు చూస్తుంది, ఏమీ అక్కర్లేదు, కూర్చో, అంటే ఆ మనిషి కదలదు, వయసు మీద పడుతోందేమో, మతిమరుపేమో, నలభై ఏళ్లు, పోనీ తిండి దగ్గర, తిండి దగ్గర అందరికీ వడ్డించి తాను పళ్లెం చేత్తో పట్టుకొని వంటగట్టుకు ఆనుకొని తింటుంది, అలవాటైపోయిందండీ, కూర్చుంటే మళ్లీ లేవాలిగా అనేది, పోనీ బస్సులో, బస్సులో ఎవరో ఒకరికి చోటిచ్చేస్తుంది, పోనీ నాకు కడుపు ఆపరేషన్ జరిగినప్పుడు ఆసుపత్రిలో, తొమ్మిది రోజులు నా పక్కనే ఉంది, మంచం పక్కన ఇనుప స్టూలు ఉండేది, ఎక్కడ కూర్చుంది మరి, గోడవార నేలమీద, అవును, గోడకు వీపు ఆనించి, స్టూలు మీద మందుల సీసాలు, కూర్చోవే స్టూలు మీద అన్నాను, ఇక్కడే బాగుందండీ అంది, బాగుందంటే బాగుందనుకున్నాను.

పోయిన రెండేళ్లూ అమ్మాయి పెట్టిన పార్టీలు చూద్దాం, మొదటి ఏడు రైలు ప్రయాణం అని, కుర్చీలు రెండు వరసలుగా వేసి, గోడకు కిటికీలు గీసి, ఒకళ్లు టిక్కెట్ కలెక్టరు, ఒకళ్లు గార్డు, నేను పై బెర్తు కోసం పోట్లాడే ముసలాణ్ణి, మాట్లాడక్కర్లేదు నాన్నా, చేత్తో తిట్టు చాలు అంది, ఆమెకేం వేషం, టీ అమ్మే మనిషి, నిజం టీ, పద్నాలుగు మందికి, వరసల మధ్య తిరుగుతూనే ఉంది, ఎంత బాగా చేసిందో, నిజంగా అమ్మినట్టే ఉంది అని అందరూ చప్పట్లు కొట్టారు, రెండో ఏడు పాత సినిమా హాలు, ఆమె చేతికి టార్చి ఇచ్చారు, గుమ్మం దగ్గర నిలబడి అందరికీ చోటు చూపించే మనిషి, చూపించింది, అందరికీ చూపించింది, దీపాలు ఆర్పాక ఆమె ఎక్కడుందో నేను చూశానా, చూడలేదు, తెర వైపు చూస్తున్నాను.

ఈసారి జాబితా వంటింటి తలుపుకు అంటించి ఉంది, వారం నుంచీ నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడల్లా చూస్తున్నాను, అందులో నా పేరు ఎక్కడుందో అదొక్కటే చూశాను, కుర్చీలు – నాన్న, ఇప్పుడు కళ్లు మూసుకుంటే దాని చుట్టూ ఉన్నవి కనపడుతున్నాయి, కట్టెల పొయ్యి మీద వంట – అమ్మ, తిరగలి – అమ్మ, లాంతరు గాజులు తుడవడం – అమ్మ, పాతకాలం కబుర్లు చెప్పడం – అమ్మ, పుట్టినరోజు ఎవరిదో కింద పెద్ద అక్షరాలతో రాసి పువ్వు గీసింది, పిచ్చిపిల్ల, ప్రేమతోనే రాసింది, ప్రేమ లేకపోతే ఎర్రసిరా ఎందుకు, నలభై ఏళ్ల కిందట ఆ పొయ్యి పొగకు ఆమె దగ్గుతుంటే నేను ఈ కొట్టులోంచి విన్నాను, లేచి వెళ్లలేదు కానీ తర్వాత గ్యాసు వచ్చాక వంటగట్టు కట్టించాను, ఆమె మోచేతి కొలతకు, అందరూ మెచ్చుకున్నారు, వంగక్కర్లేదు, చెయ్యి ఎత్తక్కర్లేదు, పై అర ఆమె వేళ్లకు అందేంత ఎత్తు, గరిటెల కొక్కెం ఆమె భుజానికి, చీపురు మేకు కూడా, ఆమె నిలబడితే ఎంతో నాకు వేలెడు తేడా లేకుండా తెలుసు, నిలబడితే.

సంచీ చప్పుడైంది, గుమ్మంలో ఆమె, వెళ్లొస్తానండీ, పెరుగు మూతపెట్టి ఉంది, రాత్రికి వేడి చేసుకోవాల్సినవి పొయ్యి పక్కనే పెట్టాను, మందు మర్చిపోకండి, ఎడమ పక్క డబ్బాలో కాదు, కుడి పక్క డబ్బాలో, అంది, నేను తల ఊపాను, ఒక్క మాట, ఒక్క మాట అని అమ్మాయి గొంతు చెవిలో గీపెడుతోంది, ఎండ రంపం పళ్ల దాకా వచ్చింది, ఆమె చెప్పు వైపు చూసుకుంది, దీని పట్టీ ఒకటి, అంటూ చుట్టూ చూసి, దగ్గరున్న కుర్చీలో, చీటీ లేని ఆ మిగిలిన కుర్చీలో, అంచున కూర్చుంది, పట్టీ సరిచేసుకోవడానికి వంగబోయి చెయ్యి అందక, కాలు పైకెత్తుదామని వెనక్కి జరిగింది, రెండో చెప్పు కాలి వేళ్ల నుంచి జారి టప్పున కింద పడింది, కాళ్లు నేలకు ఆనలేదు, బొటనవేలు నేలను వెతికి వెతికి మానేసింది, అరవై ఏళ్ల మనిషి, బడిపిల్లలా, పాదాలు గాల్లో.

చీటీ జేబులో వేసి మోకాళ్ల మీద కూర్చున్నాను, నొప్పి సంగతి తర్వాత, కొట్టుకు వచ్చే ఎవరికైనా పెట్టినట్టే ఆమె మడమ కింద చెయ్యి అడ్డంగా పెట్టాను, బెత్తెడు, సరిగ్గా బెత్తెడు ఖాళీ, అయ్యో ఏమిటండీ ఇది, ఎవరన్నా చూస్తే, అంది, ఈ కుర్చీ ఎవరి కొలతకు చేశాను, నా కొలతకు, ఇంట్లో ఉన్నవన్నీ నా కొలతకే, మిగతావి వచ్చేపోయేవాళ్ల కొలతకు, ఎప్పుడూ ఇంతేనా అని అడిగాను, ఏది ఇంత, అంది, కాళ్లు, అన్నాను, ఆమె కిందికి చూసుకొని, ఆ, ఇంతే, కాసేపటికి తిమ్మిరెక్కుతాయి, అందుకే కూర్చోను, అంది, ఉప్పు అయిపోయింది అన్నట్టే, చెప్పలేదేం అన్నాను, మీరు కొలతలు తీసేవారు కదా, తెలుసనుకున్నాను, అంది.

ఒకసారి లే, అన్నాను, లేచింది, కుర్చీ తిరగేసి చెవి మీది పెన్సిల్ తీసి నాలుగు కాళ్లకూ బెత్తెడు దగ్గర గీత పెట్టాను, అయ్యయ్యో, రేపు చుట్టాలు కూర్చునే కుర్చీ అండీ, కొయ్యకండి, అంది, కోశాను, ఒకటి, రెండు, మూడో కాలు సగంలో ఉండగా వీధి చివర బస్సు హారన్ కొట్టింది, రంపం ఆపలేదు, ఆపితే ఆమె వెళ్తుందేమోనని భయం, నలభై ఏళ్లలో నేను భయపడి పని చేయడం అదే మొదలు, నాలుగో ముక్క తెగి నేలమీద పడేసరికి బస్సు చప్పుడు లేదు, ఆమె ఉంది, సంచీ చేతిలోనే ఉంది, రేపు పొయ్యి దగ్గర ఎవరుంటారు మరి, అని అడిగింది, నేనుంటాను, అన్నాను, మీకు నిప్పు రాజేయడం వచ్చా, అంది, కొట్టు నిండా చెక్కపొట్టు ఉంటే ఎందుకు రాదు, మరి తిరగలి, అల్లుడు తిప్పుతాడు, కుర్చీ లేపే బలం అటు వాడమందాం, అన్నాను, ఆమె నవ్వింది, చిన్నగా, ముక్కుతో, ఇన్ని మాటలు ఎక్కడ దాచారండీ ఇన్నాళ్లూ, అంది.

కూర్చో, అన్నాను, సంచీ కిందపెట్టి కూర్చుంది, రెండు మడమలూ నేలమీద, వీపు వెనక్కి ఆనింది, ఎండ ఇప్పుడు ఆమె పాదాల మీదికి వచ్చింది, ఊరికే చూస్తారేం, అంది, నేను చూస్తూనే ఉన్నాను, జేబులోంచి చీటీ తీసి పురికొస కడుతూ చూస్తున్నాను, తల కొద్దిగా ఎడమకు వాలుతుంది, కుడిచెయ్యి ఒళ్లో పెట్టింది, తీసింది, మోకాలి మీద పెట్టింది, మళ్లీ తీసింది, గరిటె లేదు, గుడ్డ లేదు, కూర్చుంటే ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియదు, ఇన్నాళ్లూ నాకూ తెలియదు, ఈ కుర్చీకి చేతులు లేవు, రేపు సాయంత్రంలోగా చేతులు పెట్టాలి.